పత్తర్‌గట్టి: కాలినడకన చూడదగిన పట్నపు వీధి



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములవారము మనము పట్నమునకు పోవుట సాధారణముగా రెండు పనులకే. ఒకటి కోర్టు, రెండవది ఆసుపత్రి. బస్సు దిగుదుము, ఆటో ఎక్కుదుము, పని చూచుకొని రాత్రికి ఇల్లు చేరుదుము. ఏబది యేండ్లుగా హైదరాబాదునకు వచ్చిపోవువారు సైతము ఆ నగరములోని ఒక్క వీధినైనను ఈ కొస నుండి ఆ కొస వరకు నడచి యుండరు. దారి చూపువాడు లేకయే, రుసుము చెల్లింపకయే, ఎవరికి వారు నడచి తెలిసికొనదగిన యొక వీధిని గూర్చి నేడు మనవి చేసెదను. దాని పేరు పత్తర్‌గట్టి.

మన బస్సులు ఆగు మహాత్మాగాంధీ బస్సు స్టేషను మూసీనది నడుమ లంకపై 1994లో వెలసినది. ఈ మూసీ మనకు పరాయిది కాదు. సూర్యాపేట చెంత 1963లో పూర్తియైన జలాశయమును నింపునది యిదియే. మిర్యాలగూడకు దిగువన వాడపల్లి కడ కృష్ణలో కలియునదియు నిదియే. పత్తర్‌గట్టి పుట్టుకకు సైతము ఈ నదియే కారణము. కావున మన నడక నది యొద్దనే ఆరంభింపవలెను.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీకి మహాప్రళయము వలె వరద వచ్చెను. వంతెనలు కొట్టుకొనిపోయెను, పేటలకు పేటలే నేలమట్టమాయెను. సుమారు 15,000 మంది మరణించిరని ప్రసిద్ధి. అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆవరణలోని యొక చింతచెట్టు నెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. మరుసటి యేడు, అనగా 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ప్రభుత్వమువారు పిలిపించిరి. ఆయన సలహా ననుసరించి వరదను ఎగువనే ఆపుటకు ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. నగరమును తిరిగి తీర్చుటకు 1912లో నగరాభివృద్ధి సంఘ మేర్పడెను. ఇరుకు సందులను తొలగించి, వీధిని వెడల్పు చేసి, ఇరువైపుల ఒకే తీరున రాతి కట్టడములను ఆ సంఘము లేపినది. పత్తర్ అనగా రాయి. అందువలననే ఈ వీధికి ఆ పేరు తగియున్నది.

ఇక నడకకు వత్తము. బస్సు స్టేషను నుండి పడమరగా, నదికి ఎగువ దిక్కున, కొంత దూరము నడచినచో అఫ్జల్‌గంజి వచ్చును. అక్కడ నది యొడ్డున నున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును మొదట చూడుడు. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా ఆరంభమైన ఆ సంస్థ 1936లో ఇప్పటి భవనమున ప్రవేశించినది. పిమ్మట నయాపూలు మీద నిలువుడు. మీరు దక్షిణముగా తిరిగియున్నచో కుడివైపున, నదికి ఈ దరిని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనమును, ఆ దరిని 1920లో ప్రారంభింపబడిన హైకోర్టు భవనమును కనబడును. రెండింటికి నమూనాలు గీచినవాడు విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల శిల్పి. పాతబడి శిథిలమైనందున ఆసుపత్రి భవనమును 2020లో ఖాళీ చేయించిరి. మనము కాగితముల కట్టతోనో, మందుచీటితోనో పరుగిడి పోయిన భవనములివి. పని లేని దినమున నిలిచి చూచిననే గాని వాని గుమ్మటముల సొగసు కంటికి తెలియదు.

వంతెన దాటి నదిని వెనుక నుంచుకొని దక్షిణముగా నడువుడు. మదీనా కూడలి గడచిన వెంటనే పత్తర్‌గట్టి ఆరంభమగును. దారి తప్పు భయము లేదు; త్రోవ తిన్నగా చార్మినారునకే పోవును. మొత్తము మీద నయాపూలు నుండి చార్మినారు వరకు మైలు కంటె తక్కువ దూరమే.

ఇచ్చట తల యెత్తి చూడవలెను. క్రింద వరుసగా కమానులు, వాని వెనుక దుకాణములు; పైన మరియొక అంతస్తు. కమాను స్తంభమునకును దుకాణపు గడపకును నడుమ పాదచారికి నీడగల బాట విడిచిరి. ఎండ వచ్చినను వాన వచ్చినను బేరమాడువాడు తడియడు, మాడడు. మన పల్లె యిండ్ల ముందరి పంచ యే పని చేయునో, ఈ కమానుల వరుస వీధి యంతటికి ఆ పనియే చేయుచున్నది. ముత్యములు, పెండ్లి బట్టలు, అత్తరులు అమ్ము ఈ వీధి సొగసునకు పేరుపొందినది. అయితే ఆ సొగసు అద్దపు బీరువాలలో లేదు; కొనువానికిని కొననివానికిని సమానముగా లభించు ఆ నీడలో నున్నదని నా యభిప్రాయము. నేను నడచినపుడు కొన్ని తావుల సరకుల మూటలు ఆ బాట నాక్రమించి, నడచువారిని నడివీధిలోనికి నెట్టుచుండెను. అది చూచి మనసు నొచ్చినది.

ముందునకు పోగా మచిలీకమాను, దాని దాటిన గుల్జారుహౌజు అను నీటి తొట్టి. దానికి నలుదిక్కుల నాలుగు కమానులు గలవు గనుక ఆ ప్రదేశమునకు చార్‌కమాను అని పేరు. దాని కావల 1591లో మహమ్మదు కులీ కుతుబ్షా కట్టించిన చార్మినారు. దాని చుట్టును నేలపై రాతిపలకలు పరచి పాదచారులకు చోటు కల్పించిరి. పడమట గాజులకు ప్రసిద్ధమైన లాడ్‌బజారు.

ఇట్టి సంగతి మన దేశమునకే పరిమితము కాదు. జపాను దేశపు టోక్యో నగరమున గింజా యను పేట గలదు. 1872లో అది అగ్నిప్రమాదమున బూడిదయైనది. చెక్క యిండ్లకు మారుగా ఇటుక మేడలు కట్టించి, వాని ముందర స్తంభముల నీడలో నడవలు వేయించి, వెడల్పైన వీధిని ఆ ప్రభుత్వము నిర్మించెను. క్రొత్త యిండ్లు చెమ్మగా నున్నవని మొదట జనులు వానిలో చేరుటకు సంశయించిరి. క్రమముగా అదియే ఆ దేశమున మిక్కిలి సొగసైన విపణివీధి యాయెను. పని లేకయే అచ్చట తిరుగుటకు గింబురా అను ప్రత్యేక పదమే వారి భాషలో పుట్టినది. 1923 నాటి భూకంపమున ఆ ఇటుక మేడలు నశించినను నడచు అలవాటు నశింపలేదు. 1970 నుండి సెలవు దినములలో మధ్యాహ్నము వాహనముల నాపి ప్రధాన వీధిని పాదచారులకే విడుచుచున్నారు. అగ్నివలన గింజా, వరదవలన పత్తర్‌గట్టి: రెండింటను ఆపద తీరిన పిమ్మట నిర్మాతలు నడచువానిని తలచుకొనిరి.

ఇప్పుడు మన యూళ్ల మాట. సూర్యాపేటయు కోదాడయు బందరు రస్తా మీద పెరిగినవి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులతో వృద్ధినొందినది. రోడ్లు వెడల్పగుచున్నవి, మంచిదే. కాని ఆ వెడల్పు బండ్లకేనా? సంతకు వచ్చిన ముసలివాడు, బిడ్డ నెత్తుకొన్న తల్లి, ఎండలో ఏ నీడను నిలువగలరు? పంచ వంటి నడవను విడిచి కట్టుమని అంగడివారిని కోరుటకు పట్నపు ధనము అక్కరలేదు; ఊరి పెద్దల మాట చాలును. మరియొకటి. నది దారిని మరువరాదు. 2025 సెప్టెంబరు చివర మూసీ నీరు ఆ బస్సు స్టేషనులోనికే చొచ్చి ప్రయాణికులను చిక్కుపరచినది. వీధి కట్టుటకు ముందు నీటికి త్రోవ విడువవలెనని 1908 చెప్పిన పాఠమును మూసీ మరల చెప్పినది.

కావున ఈ మారు పట్నమునకు పోయినపుడు ఒక పూట మిగుల్చుకొనుడు. ఎండ ముదురక మునుపే బయలుదేరుడు. చేతికర్ర, నీళ్ల సీసా, వెంట ఒక మనుమడు, ఇంతే పరికరములు. వానిచేత కమానులు లెక్కపెట్టింపుడు. అలసిన చోట చాయి త్రాగుడు. మరలి వచ్చిన తరువాత మీ యూరి బజారును కూడ ఒకమారు అదే కంటితో నడచి చూడుడు. ఎచ్చట నీడ యున్నది, ఎచ్చట లేదు, వాననీరు ఎటు పోవుచున్నది యని గుర్తించి నలుగురితో చెప్పుడు.