డ్రైవరు సోదరుడి మొదటి లారీకి జకాత్ ఇవ్వవచ్చా?



గత రంజాన్‌లో మన సొసైటీకి జకాత్ ఇచ్చిన ఒక సోదరుడు నన్ను నిలదీశారు. "ఇరవై ఏళ్లుగా పరాయి లారీ తోలుతున్న మనిషి. తను 2 లక్షలు కూడబెట్టుకున్నాడు. మనం ఇంకో 2 లక్షలిస్తే, మిగతాది ఫైనాన్సులో తీసుకుని ఓనరు అవుతాడు. ఇందులో కమిటీ ఆలోచించేదేముంది?" అన్నారు. ఆయన అడిగింది మంచి మనసుతోనే. కానీ మసీదు మెట్ల మీద నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను. నేనూ ఒకప్పుడు అలాగే ఓనరునయ్యాను. పదహారు నెలలకు మళ్లీ డ్రైవరు సీట్లోకే వచ్చాను.

ముందు అప్పు సంగతి. హరామ్ అన్న మాట అలా ఉంచి, ఉత్త లెక్కగానే చూద్దాం. ఫైనాన్సు ఆఫీసులో "నూటికి రూపాయే" అంటారు. 5 లక్షలకు నాలుగేళ్లలో వడ్డీ 2 లక్షల 40 వేలు. మొత్తం 7 లక్షల 40 వేలను 48 కిస్తీలు చేస్తే నెలకు సుమారు 15,400. వినడానికి ఏడాదికి 12 శాతమే. అయితే మొదటి నెల నుంచే మనం అసలు తీరుస్తూ వస్తున్నా, వడ్డీ మాత్రం ఆఖరిదాకా పూర్తి 5 లక్షల మీదే పడుతుంది. తగ్గుతున్న బాకీ మీద లెక్కగడితే అది ఏడాదికి దాదాపు 21 శాతం. సంతకం పెట్టిన రోజు ఈ లెక్క నాకు తెలియదు, చెప్పినవాళ్లూ లేరు.

ఇక రోడ్డు మీద లెక్క. ఆరు టైర్ల బండి విజయవాడ నుంచి చెన్నైకి లోడు తీసుకెళ్లిందనుకోండి. సుమారు 450 కిలోమీటర్లు. లీటరుకు అయిదు కిలోమీటర్లు వచ్చినా 90 లీటర్లు కావాలి. లీటరు 97 రూపాయలనుకుంటే 8,730 రూపాయలు డీజిలుకే పోతాయి. టోలు, క్లీనరు బత్తా, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు కమీషను దీనికి అదనం. కిరాయి మాత్రం ఒకేసారి చేతికి రాదు. లోడు ఎత్తినప్పుడు కొంత అడ్వాన్సు, సరుకు దింపి సంతకమైన రసీదు తెచ్చి ఇచ్చాక మిగతాది. ఆ మిగతాది వారానికి రావచ్చు, నెల దాటనూ వచ్చు. చెన్నైలో రిటర్న్ లోడు కోసం మూడు రోజులు పడుంటే ఆ తిండి ఖర్చూ మనదే. మిర్చి సీజనులో గుంటూరు యార్డు దగ్గర బండికి ఊపిరాడదు. వానాకాలం వచ్చేసరికి అదే బండి ఆటోనగర్‌లో నిలబడి ఉంటుంది. కిస్తీ తేదీ మాత్రం వానకు ఆగదు.

నా విషయంలో జరిగింది ఇదే. వెనక టైర్లు నాలుగూ ఒకేసారి అరిగిపోయాయి. కొత్త టైరు ఒక్కటే 20 వేల దరిదాపుల్లో ఉండేది. రీసోలు టైర్లతో నెట్టుకొచ్చాను. కిస్తీ కోసం బరువు ఎక్కువ ఎత్తాను. దాంతో పట్టీలు విరిగాయి, రిపేరుకు పది రోజులు బండి ఆగింది. మూడో కిస్తీ తప్పాక ఒక తెల్లవారుజామున ధాబా దగ్గర ఫైనాన్సు మనుషులు వచ్చి తాళాలు తీసుకున్నారు. (ఇప్పుడు అధిక లోడుకు జరిమానా 20 వేలు, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకు 2 వేలు. నా రోజుల్లో ఇంత ఉంటే ఇంకా ముందే ఇంటికి వచ్చేవాడిని.) బండి కొనడానికి నా దగ్గర డబ్బుంది, తిప్పడానికి లేకపోయింది.

అందుకే దరఖాస్తుతో వచ్చేవారికి మేం ముందు చెప్పేది అప్పు లేకుండా దొరికే పాత బండి చూసుకోమని. అక్కడా జాగ్రత్తలున్నాయి. ఆరు టైర్ల బండికి 12 ఏళ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఇవ్వరు. చవకగా వస్తోందని తీసుకుంటే దూరపు లోడ్లు పోయినట్టే. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. సి బుక్కులో పాత ఫైనాన్సు పేరుంటే, ఆ కంపెనీ సంతకం చేసిన ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకూడదు. పాత చలాన్లు, క్వార్టర్లీ ట్యాక్సు బకాయిలు చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, స్టాంపు కాగితం మీద రాసుకుని ఊరుకోకుండా బండిని వెంటనే తన పేరుకు మార్పించుకోవడం. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లోపు మార్చాలి. లేదంటే యాక్సిడెంటులో బండికి జరిగిన నష్టానికి డబ్బు అడిగితే కంపెనీ కాదనగలదు. ఆటోనగర్ మేస్త్రీతో ఇంజను చూపించడం అందరూ చేస్తారు, కాగితాలు చూపించేవారు తక్కువ.

ఇప్పుడు ఆ సోదరుడి ప్రశ్నకు వస్తాను. హనఫీ ఉలమా చెప్పే లెక్కలో నిసాబ్ అంటే యాభై రెండున్నర తులాల వెండి, అంటే సుమారు 612 గ్రాములు. అవసరాలకు, అప్పులకు పోను అంత విలువ మిగిలి ఉన్నవాడు జకాత్ పుచ్చుకోవడానికి అర్హుడు కాడు. మన డ్రైవరు కూడబెట్టుకున్న 2 లక్షలు ఆ విలువను దాటాయి. అతనికి తీర్చాల్సిన అప్పులూ లేవు. పొదుపు చేసినందుకే అతను జకాత్ గీత దాటిపోయాడు. అదే మనిషి ఫైనాన్సులో లారీ కొని, పోగొట్టుకుని, అప్పు మిగుల్చుకుని వస్తే మాత్రం సూరా తౌబా 60వ ఆయతులోని ఎనిమిది రకాల్లో గారిమీన్, అంటే అప్పులపాలైనవారి కింద అర్హుడవుతాడు. మునిగాక ఆదుకునే పద్దు మన దగ్గరుంది, మునగకుండా ఆపే పద్దు చిన్నది.

ఆ చిన్న పద్దు ఖర్జె హసనా. దాతలు జకాత్‌తో పాటు కొంత సొమ్మును విడిగా ఈ పద్దు కింద రాయించాలని నా విన్నపం. 2 లక్షలు ఇవ్వదలిస్తే 1 లక్ష 20 వేలు బండి కొనేటప్పుడు, 80 వేలు టైర్లకూ డీజిలుకూ మొదటి ఏడాదిలో అవసరాన్ని బట్టి ఇద్దాం. వడ్డీ ఉండదు, సీజనులో ఎక్కువ, వానాకాలంలో తక్కువ చొప్పున తిరిగి కట్టించుకుందాం. తిరిగొచ్చిన డబ్బు మరో డ్రైవరుకు వెళుతుంది. ఇంకో మాట, చాలామంది అడుగుతుంటారు కనుక: లారీ బతుకుతెరువు పనిముట్టు, దాని విలువ మీద ఓనరు జకాత్ కట్టనక్కర్లేదు. దాని మీద సంపాదించి మిగిల్చినది నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం నిండితే రెండున్నర శాతం కట్టాలి.

ఆ డ్రైవరు దరఖాస్తు ఇంకా మా దగ్గరే ఉంది. ఫైనాన్సు ఆలోచన మానుకుని, ఏడేళ్ల బండి ఒకటి చూశాడట. సి బుక్కు జిరాక్సు తెమ్మన్నాం.