భయపెట్టడమూ ఓ ఉద్యోగమే!

చీకటి గది. హీరోయిన్ తలుపు వైపు మెల్లగా నడుస్తోంది. గడియ మీద చెయ్యి వేసింది. ఇంకా ఏమీ జరగలేదు. అయినా హాల్లో సగం మంది కళ్లు మూసేసుకున్నారు! దెయ్యం రాకముందే భయం ఎలా వచ్చింది? కెమెరా, ఎడిటింగ్, సౌండ్, మేకప్ విభాగాల వాళ్లంతా కలిసి దాన్ని తయారుచేశారు కాబట్టి. హారర్ మీకు ఇష్టమైతే, ఈసారి ఆ పనితనం మీద ఓ కన్నేయండి. అందులో మీకు సరిపోయే కొలువూ కనిపించొచ్చు.

ముందే చెప్పేస్తారు

సస్పెన్స్ అంటే అన్నీ దాచేయడం అనుకుంటాం. దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ లెక్క వేరు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లాడుతున్నారు. బల్ల కింద బాంబు ఉన్న సంగతి మనకీ తెలియదు. అది పేలితే ఉలిక్కిపడతాం, కొన్ని సెకన్లలో అయిపోతుంది. అదే బాంబును ముందే చూపిస్తే? ఆ మామూలు కబుర్లే పావుగంటసేపు మనల్ని కుర్చీ అంచున కూర్చోబెడతాయి.

2023లో వచ్చిన 'విరూపాక్ష'లో దర్శకుడు కార్తీక్ దండు ఇలాంటి పనే చేశారు. వరస చావులతో రుద్రవనం ఊరిని దిగ్బంధనం చేస్తారు. ఎవరూ బయటికి వెళ్లకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. ప్రమాదం ఊళ్లోనే ఉందని మనకు తెలుసు, తప్పించుకునే దారి మూసేశారనీ తెలుసు. ఇక ప్రతి సీనులోనూ 'ఇప్పుడెవరు?' అనే ప్రశ్న వెంటాడుతుంది.

చూపించింది తక్కువ

'జాస్' (1975) షూటింగ్‌లో యంత్రాలతో చేసిన సొరచేప మాటిమాటికీ మొరాయించింది. దాంతో స్పీల్‌బర్గ్ చాలాసేపు చేపను చూపించకుండా నీళ్లు, సంగీతంతోనే నడిపించారు. కనపడని చేపే ఎక్కువ భయపెట్టింది.

మన దగ్గర 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రాత్రి'లోనూ పాడుబడ్డ కోటలేవీ లేవు. మామూలు కుటుంబం, మామూలు ఇల్లు. మనింట్లోనూ ఇలా జరగొచ్చన్న అనుమానమే అక్కడ పెట్టుబడి. 2022లో వచ్చిన 'మసూద'లో తల్లీకూతుళ్లు, పక్క ఫ్లాట్‌లో ఉండే పిరికి కుర్రాడు ముఖ్య పాత్రలు. ముందు వాళ్లమీద మనకు ఇష్టం కలిగిస్తారు. ఆ తర్వాత వాళ్లకేమవుతుందోనని మనమే కంగారుపడతాం.

సగం భయం చెవుల్లోనే

నమ్మకం లేకపోతే ఏదైనా హారర్ సీన్ మ్యూట్‌లో పెట్టి చూడండి. సగం భయం మాయమవుతుంది. 'సైకో' (1960)లో బాత్రూమ్ హత్య సీన్‌కు సంగీతమే వద్దనుకున్నారు హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లతో చేసి వినిపించాక మనసు మార్చుకున్నారు. ఈరోజు ఆ సీన్ అనగానే ముందు గుర్తొచ్చేది ఆ శబ్దమే. మణిశర్మ సినీ ప్రయాణం మొదలైంది కూడా 'రాత్రి' నేపథ్య సంగీతంతోనే. ఆ సినిమాకు కెమెరా పట్టిన తేజ తర్వాత దర్శకుడయ్యారు. 'అరుంధతి' (2009)లో సోనూసూద్ పాత్ర అంతగా వణికించిందంటే, డబ్బింగ్ చెప్పిన రవిశంకర్ గొంతుకూ అందులో పెద్ద వాటా ఉంది.

అన్నిటికన్నా పదునైన ఆయుధం నిశ్శబ్దం. కీచురాళ్ల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతే చాలు, చెవులు రిక్కిస్తాం. అప్పుడు చిన్న గ్లాసు పడ్డా గుండె జారుతుంది. ఆ నిశ్శబ్దం ఎన్ని సెకన్లు ఉండాలో తేల్చేది ఎడిటర్, సౌండ్ డిజైనర్. అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం లాంటివి స్టూడియోలో విడిగా చేసి రికార్డు చేసేవాళ్లు ఫోలీ ఆర్టిస్టులు.

మాచర్లలోనే మొదలుపెట్టొచ్చు

దీనికి హైదరాబాద్ బస్సెక్కాల్సిన పనిలేదు. నాపరాళ్లకు పేరున్న ఊరు మాచర్ల. రాత్రిపూట ఆ బండల మీద ఒట్టి కాళ్లతో, తర్వాత చెప్పులతో నడిచి ఫోన్‌లో రికార్డు చేయండి. రెండూ రెండు రకాల మనుషుల్ని గుర్తుచేస్తాయి. ఎత్తిపోతల జలపాతం హోరును దగ్గర్నుంచి ఒకసారి, దూరం నుంచి ఒకసారి పట్టండి. ఇప్పుడు ఒక్క నిమిషం సీన్ తీయండి. షరతులు రెండే: దెయ్యం కనపడకూడదు, సంగీతం వాడకూడదు. ఉచితంగా దొరికే ఆడాసిటీలో శబ్దాన్ని, డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో వీడియోను ఎడిట్ చేయొచ్చు. తర్వాత స్నేహితులకు చూపించి, తెరను కాదు, వాళ్ల ముఖాల్ని గమనించండి. ఎక్కడ ఫోన్ వైపు చూశారో అక్కడ మీ సీన్ సాగదీసినట్టు. ఇలాంటివి నాలుగైదు పోగైతే అదే మీ పోర్ట్‌ఫోలియో.

చదువులు, జాగ్రత్తలు

పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లలో సౌండ్, ఎడిటింగ్, సినిమాటోగ్రఫీ కోర్సులున్నాయి. డిగ్రీ పూర్తిచేసి, ప్రవేశ పరీక్ష రాయాలి. 'స్లమ్‌డాగ్ మిలియనీర్' సౌండ్ మిక్సింగ్‌కు ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి ఎఫ్‌టీఐఐ విద్యార్థే. హైదరాబాద్‌లో అన్నపూర్ణ కాలేజీ లాంటి ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. ఫీజు ఎక్కువ కాబట్టి చేరేముందు పూర్వ విద్యార్థులతో మాట్లాడండి. నేర్చుకున్న పని సినిమాకే పరిమితం కాదు. వెబ్ సిరీస్‌లు, ప్రకటనలు, గేమింగ్ కంపెనీలకూ సౌండ్, ఎడిటింగ్ తెలిసినవాళ్లు కావాలి.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. ఇక్కడ చాలావరకు ఫ్రీలాన్స్ పనే. నెలనెలా జీతం వస్తుందన్న భరోసా ఉండదు. అందుకే డిగ్రీ మధ్యలో వదిలేయొద్దు. ఛాన్స్ ఇప్పిస్తామంటూ డబ్బులు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి. తెర మీది దెయ్యం కన్నా వాళ్లే ప్రమాదం. చూపించడానికి మీ పని చేతిలో ఉంటే, అసిస్టెంట్‌గానైనా ఓ తలుపు తెరుచుకుంటుంది. ఆ మొదటి నిమిషం సీన్ ఈ ఆదివారమే తీసేయండి!