ధర ఇనుముకు కాదు.. ఆధారానికి!

కత్తిపీట మీద కాలు వేసి, రెండు చేతులతో పట్టుకుని కూరగాయలు కోయడం మనందరికీ తెలిసిందే. ఫిలిప్పీన్స్‌లో లూజాన్ దీవి ఉత్తరాన ఉన్న కార్డిలేరా కొండల్లో ఇదే పని గొడ్డలితో చేసేవాళ్లు. గొడ్డలి వెనకవైపు ఉండే సన్నని మొనను నేలలో గుచ్చితే పదునైన అంచు పైకి నిలబడుతుంది. ఇక రెండు చేతులూ ఖాళీ, మాంసం పట్టుకుని కోసుకోవడమే. తగాదా వస్తే మాత్రం అదే గొడ్డలి యుద్ధానికి వెళ్లేది. శత్రువు తల తెచ్చే ఆచారం అక్కడ ఉండేది కాబట్టి దీనికి ‘హెడ్ యాక్స్’ అని పేరు పడింది.

కలింగ, బొంతోక్, తింగియన్ తెగల ఈ గొడ్డళ్ల కోసం ఇప్పుడు అమెరికా, యూరప్ వేలం పాటల్లో సేకరణకర్తలు పోటీ పడుతున్నారు. ‘పాత వస్తువు కొను, లాభానికి అమ్ము’ అనే వీడియోలు చూసి ఇదేదో మనమూ చేద్దామనుకునే కుర్రాళ్లు ఉన్నారు. ఆగండి. ఈ రంగంలో డబ్బు ఉన్న మాట నిజమే. కానీ అది ఎక్కడుందో ముందు తెలుసుకోవాలి.

కొండల నుంచి అటకల మీదికి

1898లో ఫిలిప్పీన్స్ అమెరికా చేతికి వెళ్లింది. సైనికులు, టీచర్లు, అధికారులు కొండల్లోకి వచ్చారు. తిరిగి వెళ్తూ గొడ్డళ్లు, ఈటెలు, డాళ్లు గుర్తుగా పట్టుకెళ్లారు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు వస్తువుల్నే కాదు, వెయ్యిమందికి పైగా ఫిలిప్పీన్స్ మనుషుల్నీ తీసుకెళ్లి జనానికి చూపించారు. 1907-08లో ఫే-కూపర్ కోల్ అనే పరిశోధకుడు తింగియన్ల మధ్య ఉండి, షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం కోసం వస్తువులు సేకరించాడు. ఆ మ్యూజియంలో ఫిలిప్పీన్స్ వస్తువులు ఇప్పుడు 10 వేలకు పైనే ఉన్నాయి. మిగతావి ఇళ్లలో అటకెక్కాయి. మనవలు, మునిమనవలు వాటిని దించి అమ్ముతున్నారు.

ఎందుకు పెరుగుతోంది?

లెక్క సింపుల్. తలలు తెచ్చే ఆచారం 20వ శతాబ్దం తొలి దశకాల్లోనే చాలావరకు ఆగిపోయింది. అప్పటి వాడకం కోసం చేసిన గొడ్డళ్లు ఇక కొత్తగా పుట్టవు. మ్యూజియంలోకి వెళ్లినవి బయటికి రావు. ఆన్‌లైన్ వేలం వచ్చాక కొనేవాళ్లు మాత్రం ప్రపంచమంతా ఉన్నారు. తమ తాతల నాటి వస్తువు కావాలనుకునే ఫిలిప్పీన్స్ మూలాలున్న అమెరికన్లూ అందులో ఉన్నారు.

అయితే పాత ఆయుధమైతే చాలు, ధర వచ్చేస్తుందని కాదు. మనకు తెలిసిన ఉదాహరణే చూద్దాం. 2023 మేలో లండన్‌లోని బోన్‌హామ్స్ సంస్థ టిప్పు సుల్తాన్ ఖడ్గాన్ని వేలం వేసింది. అంచనా 15 నుంచి 20 లక్షల పౌండ్లు. పలికింది సుమారు 1.4 కోట్ల పౌండ్లు! 1799లో శ్రీరంగపట్నం పతనం తర్వాత అది ఎవరి చేతికి వెళ్లిందో చెప్పే ఆధారాలు ఉండటం దానికి పెద్ద బలం. వస్తువు చేతులు మారిన ఈ చరిత్రనే ‘ప్రొవెనెన్స్’ అంటారు. గొడ్డలికైనా అంతే. పాత ఫొటో, ఉత్తరం, సేకరణ చీటీ ఉంటే ఒక ధర. ఏదీ లేకపోతే ఇంకో ధర.

అసలుదా, నకిలీదా?

పర్యాటకుల కోసం చేసిన గొడ్డళ్లు మార్కెట్లో బోలెడు. నిపుణులు ముందుగా ఆకారం చూస్తారు. కలింగ గొడ్డలి అంచు నెలవంకలా వంపు తిరిగి, వెనక మొన పొడవుగా ఉంటుంది. బొంతోక్ గొడ్డలి అంచు కాస్త తిన్నగా, మొన పొట్టిగా ఉంటుంది. తర్వాత పిడి చూస్తారు. చెయ్యి జారకుండా ఒక పక్కకు పొడుచుకొచ్చిన కొక్కెం లాంటి భాగం ఉందా, ఏళ్ల తరబడి చెయ్యి తగిలి కర్ర నున్నబడిందా, ఇనుము మీద సుత్తి దెబ్బల జాడ ఉందా అని పరిశీలిస్తారు. పలచని రేకు, రంగు పూసిన కొత్త కర్ర, రసాయనంతో తెప్పించిన తుప్పు కనిపిస్తే అనుమానించాల్సిందే.

చట్టం మాటేంటి?

ఫిలిప్పీన్స్ 2009 నాటి జాతీయ సాంస్కృతిక వారసత్వ చట్టం ప్రకారం వారసత్వ సంపదను అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. మన దగ్గర 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది. వందేళ్లు దాటిన పురావస్తువులతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడం కుదరదు. ఆయుధమైతే ఆయుధాల చట్టం కూడా చూసుకోవాలి. కాబట్టి తెలియకుండా కొని అమ్మితే లాభం సంగతి అటుంచి, కేసు మెడకు చుట్టుకోవచ్చు.

మరి ఉద్యోగం ఎక్కడ?

వస్తువును చదవగలిగేవాళ్లకే ఇక్కడ దారి. మ్యూజియాలకు, వేలం సంస్థలకు, ఆర్కైవ్స్‌కు, బీమా సంస్థలకు ఈ నైపుణ్యం అవసరం. ఖాళీలు తక్కువే, కానీ శిక్షణ ఉన్నవాళ్లూ తక్కువే.

* మ్యూజియాలజీ: బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ, బెనారస్ హిందూ యూనివర్సిటీ, కలకత్తా యూనివర్సిటీల్లో పీజీ ఉంది. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లోనూ చదవొచ్చు.
* కన్జర్వేషన్: కెమిస్ట్రీ చదివినవాళ్లకు బాగా నప్పుతుంది. లఖ్‌నవూలోని ఎన్‌ఆర్‌ఎల్‌సీ శిక్షణ ఇస్తుంది.
* ప్రొవెనెన్స్ పరిశోధన: చరిత్ర, లా, భాషలు చదివినవాళ్లకు అవకాశం. పాత రికార్డులు చదివే ఓపిక ముఖ్యం.

డిగ్రీలో ఉండగానే మొదలుపెట్టొచ్చు. హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గ్యాలరీకి వెళ్లండి. ఒక్క కత్తి ముందు అరగంట నిలబడి లోహం, పిడి, అలంకారం, అరుగుదల గురించి ఒక పేజీ రాయండి. ఇలాంటివి ఇరవై రాస్తే ఇంటర్వ్యూలో చూపించడానికి మీ సొంత పని ఉంటుంది.

చివరగా ఒక్క మాట. కొనేవాడికి అది గోడకు తగిలించుకునే అందం కావచ్చు. కలింగ కుటుంబానికి మాత్రం తాత చేతి గుర్తు. ఫీల్డ్ మ్యూజియం ఇప్పుడు షికాగోలోని ఫిలిప్పీన్స్ సమాజాన్ని పిలిచి, ఆ వస్తువుల కథలు వాళ్ల చేతే చెప్పిస్తోంది. ‘ఇది ఎంత పలుకుతుంది’ అనే ముందు ‘ఇది ఎవరిది, ఇక్కడికెలా వచ్చింది’ అని అడగడం అలవాటు చేసుకోండి. ఈ రంగంలో మీకు జీతం వచ్చేది ఆ ప్రశ్నకే.