బొమ్మే కానీ... ఆటబొమ్మ కాదు!

ఈ చివర నుంచి ఆ చివరకు రెక్కల పొడవు 11 అడుగుల 9 అంగుళాలు. బరువు ఆరేళ్ల పిల్లాడంత. ముక్కు మీద పెట్రోలు ఇంజిన్. నేల మీద నిలబడి రిమోట్‌తో ఎగరేసే విమానమిది. ఒళ్లంతా చెక్క, గుడ్డ, జిగురే. ప్రాణం మాత్రం లేత్ మిషన్ మీద తిరిగిన నాలుగు ముక్కల్లో, వెల్డర్ చేతికింద అతుక్కున్న నాలుగు గొట్టాల్లో ఉంటుంది!

'మోడల్ విమానం' అనగానే బాల్సా చెక్క, రబ్బరు బ్యాండు, స్కూలు మైదానం గుర్తొస్తాయి. ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో చేరినవాళ్లకైతే ఏరోమోడలింగ్ క్లాసులు గుర్తొస్తాయి. పడితే ముక్కు విరుగుతుంది. కాస్త జిగురు పెడితే మళ్లీ ఎగురుతుంది. అదే సరదా ముదిరి, అసలు విమానంలో నాలుగో వంతుకో మూడో వంతుకో చేరిందనుకోండి... కథ మారిపోతుంది. జిగురు సీసా పక్కకు జరిగి మైక్రోమీటరు బల్ల మీదకొస్తుంది. కిట్‌తోపాటు రాని భాగాలను కొలతలిచ్చి చేయించుకోవాలి. లేదంటే సొంతంగా చేసుకోవాలి.

రెక్క పెరిగింది మూడడుగులే!

పైపర్ కబ్ సంగతే చూద్దాం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టిన పసుపురంగు బుల్లి విమానం. జే-3 కబ్‌లు 1938 నుంచి 1947 దాకా దాదాపు 20 వేలు తయారయ్యాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో వేలమంది ఎగరడం నేర్చుకున్నది దీని మీదే. మోడల్ విమానాలు చేసేవాళ్లకూ ఇదంటే మహా మోజు.

అసలు కబ్ రెక్కల పొడవు 35 అడుగుల 3 అంగుళాలు. మనుషులు, పెట్రోలుతో కలిపి పూర్తి బరువు సుమారు 550 కిలోలు. నాలుగో వంతు సైజులో చేస్తే రెక్క 8 అడుగుల 10 అంగుళాలకు దిగుతుంది. మరి బరువు? అదీ నాలుగో వంతే అనుకుంటే పొరపాటు. పొడవు, వెడల్పు, ఎత్తు... మూడూ తగ్గాయి కాబట్టి బరువు 64లో ఒక వంతవుతుంది. అంటే ఎనిమిదిన్నర కిలోలు. మూడో వంతు సైజులో చేస్తే 27లో ఒక వంతు. ఇరవై కిలోలు దాటిపోతుంది! రెక్క పెరిగింది మూడడుగులే. బరువు మాత్రం రెండింతలు దాటింది. ఇక సగం సైజు కబ్ అయితే 69 కిలోలు!

చిక్కంతా ఇక్కడే. సైజు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. దాన్ని మోసే లోహపు కడ్డీ అడ్డుకోత వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే పెరుగుతుంది. అందుకే చిన్న మోడల్‌కు సరిపోయిన స్ప్రింగు తీగ కాళ్లు పెద్దదాని కింద చతికిలపడతాయి.

ఈ పాఠం నేర్పే పాత కథ ఒకటుంది. శామ్యూల్ లాంగ్లీ అనే అమెరికా శాస్త్రవేత్త పెట్రోలు ఇంజిన్ పెట్టిన నాలుగో వంతు నమూనాను 1901లోనే ఎగరేశాడు. అదే రూపంలో మనిషిని మోసే విమానం కట్టాడు. 1903 అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న మరోసారి... రెండుసార్లూ అది పొటోమాక్ నదిలోనే పడింది. చిన్నది ఎగిరినంత మాత్రాన పెద్దదీ ఎగురుతుందన్న హామీ లేదు.

గేటు వెల్డింగ్ కాదిది

విమానం నేలకు దిగే క్షణమే కాళ్లకు అసలు పరీక్ష. కబ్ కాళ్లు ఉక్కు గొట్టాలతో 'వి' ఆకారంలో ఉంటాయి. వాటి మధ్య రబ్బరు తాళ్ల చుట్టలు. చక్రాలు నేలను తాకగానే కాళ్లు పక్కలకు విచ్చుకుంటాయి. రబ్బరు సాగి ఆ దెబ్బను మింగేస్తుంది.

ఆ దెబ్బ ఎంత? సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో కిందికొచ్చి నేలను తాకిందనుకుందాం. సుమారు 11 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలేసినట్టు. 'అంతేనా!' అనిపిస్తుంది. కానీ 20 కిలోల విమానాన్ని రబ్బరు రెండున్నర సెంటీమీటర్ల మేర సాగుతూ ఆపినా కాళ్ల మీద పడే భారం సగటున 110 కిలోలు. రబ్బరు బిగుసుకుపోయి అర సెంటీమీటరులోనే ఆపేస్తే... 480 కిలోలు! పక్కగాలి కొట్టి ఒక చక్రం మీదే దిగితే అదంతా ఒక్క కాలికే. అప్పుడు కాపాడాల్సింది గొట్టాలు కలిసేచోట చిటికెన వేలంత వెడల్పున్న అతుకే.

అందుకే క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4130 రకం ఉక్కు గొట్టాలు వాడతారు. గోడ మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మామూలు ఆర్క్ రాడ్డు పెడితే కన్నం పడే ప్రమాదమే ఎక్కువ. మన షెడ్లలో 'ఆర్గాన్ వెల్డింగ్' అనే టిగ్ పద్ధతి దీనికి అనువైనది. టంగ్‌స్టన్ మొన దగ్గర సన్నటి మంట, చుట్టూ గాలి సోకకుండా ఆర్గాన్ తెర, రెండో చేతిలో ఫిల్లర్ తీగ.

అసలు పని అంతకుముందే మొదలవుతుంది. ఒక గొట్టం చివరను రెండో గొట్టం వంపు మీద ఖాళీ లేకుండా కూర్చునేలా, చేప నోరు తెరిచినట్టు ఆకురాయితో అరగదీయాలి. సందు మిగిలితే వెల్డింగ్‌తో పూడ్చడం కుదరదు. లోహం చల్లారేటప్పుడు ముడుచుకుని కాలును పక్కకు లాగేస్తుంది. అందుకే గొట్టాలన్నింటినీ జిగ్‌లో బిగించి, ముందు చుక్కలు చుక్కలుగా ట్యాకింగ్ చేసి, ఆ తర్వాత ఒక పక్క కొంచెం, ఎదురు పక్క కొంచెం అతుకుతారు.

గేటు పనిలో చేయి తిరిగిన వెల్డర్‌కు కొన్ని అలవాట్లుంటాయి. అవే ఇక్కడ కొంప ముంచుతాయి. పని తొందరగా అవ్వాలని ఎర్రగా ఉన్న ముక్కను నీళ్ల బకెట్లో ముంచితే 4130 ఉక్కు పెళుసుబారుతుంది. దాన్ని గాలికే చల్లారనివ్వాలి. నున్నగా కనిపించాలని అతుకును గ్రైండర్‌తో రుద్దేస్తే బలమిచ్చే లోహమే పోతుంది. జీఐ పైపు చౌక అని వాడితే బలం తక్కువ, పైగా జింకు పొగ మనిషికే చేటు.

కోణం కోసిందా... పగులు పిలిచినట్టే

అల్యూమినియం తేలిక కదా, దాన్నే అతికితే పోలేదా? అక్కడా తిరకాసుంది. మోడల్ విమానాల్లో ఎక్కువగా వాడే 6061-టి6 రకానికి ఆ బలం వచ్చిందే వేడిచేసి, చల్లార్చి, పదును పెట్టడం వల్ల. వెల్డింగ్ వేడి తగిలినచోట ఆ పదును పోయి బలం దాదాపు సగానికి పడిపోతుంది. ఇంకా గట్టిదైన 7075 రకమైతే మామూలు వెల్డింగ్‌కే లొంగదు, పగులుతుంది. అందుకే ఇంజిన్ బిగించే దిమ్మెలు, చక్రాల హబ్బులు దిమ్మ నుంచి కోసి తీస్తారు. లేత్ మీద తిప్పి, మిల్లింగ్ చేసి, కావాల్సినంత మిగిల్చి తక్కినదంతా తురుముగా రాల్చేస్తారు.

ఇరుసునే తీసుకోండి. లావు భాగం సన్నబడేచోట టూల్‌తో సూటిగా మూల కోసేస్తే చూపులకు బాగుంటుంది. భారమంతా పోగయ్యేదీ ఆ మూలలోనే. దిగిన ప్రతిసారీ కంటికి కనిపించని పగులు కాస్త ముందుకు పాకుతుంది. యాభయ్యో ల్యాండింగ్‌లోనో నూరోదానిలోనో చక్రం ఊడి వెళ్లిపోతుంది. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాల్లోనే ముక్కలైనప్పుడు దర్యాప్తులో తేలింది ఇదే లోహపు అలసట. క్యాబిన్‌కు పెట్టిన కంతల మూలల దగ్గరే పగుళ్లు పుట్టాయి. అంతటి విమానాన్ని కూల్చిన మూల బొమ్మ విమానాన్ని వదులుతుందా? అందుకే ఆ మూలను గుండ్రంగా ఒంపు తిప్పుతారు. ఖర్చు లేని పనే. టర్నర్‌కు ముందుగా చెప్పాలంతే.

ఇంజిన్‌ను మోసే నాలుగు దిమ్మెల ఎత్తు ఒక్కటిగా ఉండాలి. 60 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండింటి మధ్య అర మిల్లీమీటరు తేడా వస్తే ఇంజిన్ దాదాపు అర డిగ్రీ పక్కకు చూస్తుంది. ప్రొపెల్లర్ హబ్ సంగతి ఇంకా సున్నితం. 24 అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 6 వేల చుట్లు తిరిగితే దాని కొస గంటకు 690 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ కొసన ఒక్క గ్రాము బరువు తేడా ఉంటే 12 కిలోల బలంతో లాగినట్టు! హబ్ కేంద్రం 0.2 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందా... 200 గ్రాముల ప్రొపెల్లర్ కూడా సెకనుకు వందసార్లు ఒకటిన్నర కిలోల కుదుపు ఇస్తుంది. ఆ వణుకుకు నట్లు వదులవుతాయి, అతుకులు అలసిపోతాయి.

రైట్ సోదరులకూ తప్పలేదు

ఈ తిప్పలు ఇప్పటివి కావు. రైట్ సోదరుల సైకిల్ షాపులో చార్లీ టేలర్ అనే మెకానిక్ ఉండేవాడు. 1903 నాటి తొలి విమానం ఇంజిన్‌ను ఆరు వారాల్లో తయారుచేసింది ఆయనే. చేతిలో ఉన్నవి ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, కొన్ని చేతి పనిముట్లు. క్రాంక్‌షాఫ్ట్ కోసం వంద పౌన్ల ఉక్కు పలక తెచ్చాడు. గీసిన గీత వెంబడి వరసగా కన్నాలు వేసి, సుత్తి, ఉలితో అదనపు ముక్కను రాలగొట్టి, మిగిలినదాన్ని లేత్ మీద తిప్పాడు. చివరికి మిగిలింది 19 పౌన్లు.

ఆ ఇంజిన్ నడిచింది. ప్రొపెల్లర్ షాఫ్టులే మొండికేశాయి. బోలు గొట్టాలతో చేసిన షాఫ్టులు నవంబరు పరీక్షల్లో దెబ్బతిన్నాయి. బాగుచేసి బిగిస్తే పళ్లచక్రాల నట్లు ఊడిపోయాయి. సైకిల్ టైర్లకు వాడే జిగురు పోసి వాటిని నిలబెట్టారు. నెలాఖరుకు ఒక షాఫ్టు పగిలింది. ఆర్విల్ రైట్ రైలెక్కి డేటన్ వెళ్లి, గట్టి ఉక్కు కడ్డీలతో కొత్తవి చేయించుకుని డిసెంబరు 11న తిరిగొచ్చాడు. ఆరు రోజుల తర్వాత, 17న, ప్రపంచం ఎగిరింది. పన్నెండు సెకన్లు!

ఐదేళ్ల తర్వాత ఇంకో పాఠం. 1908 సెప్టెంబరు 17న ఫోర్ట్ మయర్‌లో ఆర్విల్ నడుపుతున్న విమానం ప్రొపెల్లర్ చీలి, కూలిపోయింది. పక్కన కూర్చున్న లెఫ్టినెంట్ సెల్‌ఫ్రిడ్జ్ చనిపోయాడు. ఇంజిన్ విమానం ప్రమాదంలో మరణించిన మొదటి మనిషి ఆయనే.

సర్టిఫికెట్ ఎవరిస్తారు?

రిమోట్ విమానంలో మనిషి ఉండడు. కానీ కింద ఉంటారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దుకునే విమానం, ఎనిమిదో అంతస్తు నుంచి పడిన 20 కిలోల మూటతో సమానం. అందుకే బ్రిటన్‌లో 25 కిలోలు దాటిన మోడల్‌ను కడుతున్నప్పుడే లార్జ్ మోడల్ అసోసియేషన్ ఇన్‌స్పెక్టర్లు పరిశీలిస్తారు. పరీక్షగా ఎగరేసి చూశాకే ముందుకు పోనిస్తారు.

మన దేశంలో 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు కూడా 25 కిలోల దగ్గరే గీత గీశాయి. అంతకు మించకుండా, చదువుకో పరిశోధనకో సరదాకో, కనుచూపు మేరలోనే ఎగరేసేవాటిని 'మోడల్' అన్నాయి. ఎక్కడ ఎగరేయాలో, ఎక్కడ కూడదో చెప్పాయి. కానీ టైప్ సర్టిఫికెట్ నుంచి మాత్రం వీటిని మినహాయించాయి. ఔత్సాహికులకు పెద్ద వెసులుబాటే. దానికి రెండో అర్థం కూడా ఉంది... మూడో వంతు కబ్ కాలి అతుకును చూసి 'సరే' అనే అధికారి ఎవరూ ఉండరు. పూచీ అంతా చేసినవాడిదే, చేయించినవాడిదే.

కాబట్టి పరీక్షా వాళ్లే పెట్టుకోవాలి. అదేమంత ఖరీదైనది కాదు. అతుకు మీద ఎర్ర రంగు చల్లి, తుడిచి, పైన తెల్ల పొడి కొడితే పైకి తెరుచుకున్న పగులు ఉన్నచోట ఎర్ర గీత పైకి తేలుతుంది. ఆ స్ప్రే డబ్బాలు వర్క్‌షాపుల్లో వాడేవే. రెక్కలు బిగించకముందే విమానం బరువుకు సమానంగా ఇసుక మూటలు కట్టి, జానెడు ఎత్తుకు కాస్త తక్కువ నుంచి కాళ్ల మీద వదిలి చూడొచ్చు. వంగితే షెడ్డులోనే వంగుతుంది. మైదానంలో కాదు.

ముందు సంగతి చెప్పాలి

హైదరాబాద్ బాలానగర్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ లేత్‌లకు కొదవ లేదు. బాలానగర్‌లోనైతే పనిముట్ల తయారీ నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచీ ఉంది. అలాంటి చోట ఓ షెడ్డుకు గీసిన కాగితంతో వెళితే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే.

'ఏ బండిది సార్ ఈ జాబు?'

'బొమ్మదిలే అన్నా, ఎలాగోలా చేసెయ్' అంటే ఎలాగోలాగే అవుతుంది. బొమ్మ అన్నాక మైక్రోమీటరు ఎవరు తీస్తారు? అతుకును నున్నగా రుద్ది, నీళ్లలో ముంచి, మెరిసేలా తుడిచి చేతిలో పెడతాడు. అందులో అతడి తప్పేముంది? 'ఇది విమానం కాలన్నా. ఇరవై కిలోలు దీని మీద దిగుతాయి. విరిగితే జనం మధ్య పడుతుంది' అని చెప్పి చూడండి. చేతిలోని గ్రైండర్ పక్కన పెట్టి, కాగితం మళ్లీ తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని కొలతలు ఇంకోసారి చదువుతాడు.

విమానానికి అతడిచ్చే సర్టిఫికెట్ అదే.