మంట పసుపైతే సిలిండర్‌నే తప్పుపట్టొద్దు

కామారెడ్డి: గ్యాస్‌ పొయ్యి మంట నీలంగా ఉండాలి. పసుపురంగుకు మారి గిన్నెలు మసిబారితే చాలామంది సిలిండర్‌నే అనుమానిస్తారు. సాధారణంగా లోపం బర్నర్‌దే. పొంగిన పాలు, గంజి ఎండి రంధ్రాలు పూడితే గాలి సరిగా కలవదు. పొయ్యి చల్లారాక బర్నర్‌ తీసి, పిన్నుతో రంధ్రాలు శుభ్రపరచి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి.

లీకేజీ అయితే ప్రాణాపాయమే. వంటగ్యాస్‌ గాలికంటే బరువైనది, నేలపైనే పరుచుకుంటుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో పక్కనే కట్టెల పొయ్యి కూడా వెలిగించే ఇళ్లలో ముప్పు మరింత ఎక్కువ. వాసన వస్తే నిప్పు ఆర్పి, రెగ్యులేటర్‌ కట్టేసి, తలుపులు తెరవాలి. కరెంటు స్విచ్‌లు ముట్టుకోరాదు. బయటికొచ్చి 1906కు ఫోన్‌ చేయాలి. స్వల్ప అనుమానమైతే సబ్బు నురగ రాసి బుడగలు చూడాలే తప్ప అగ్గిపుల్ల గీయరాదు. పైకి బాగున్నా సురక్ష పైపును అయిదేళ్లకోసారి మార్చాల్సిందే.