షామియానా తెలుసుగా.. ఇక టెన్సైల్ నేర్చుకోండి!

కౌడిపల్లిలో పెళ్లికి షామియానా వేశారనుకోండి. గాలొస్తే బట్ట పటపటా కొట్టుకుంటుంది. వానొస్తే మధ్యలో నీళ్లు నిలుస్తాయి, ఎవరో ఒకరు కర్ర పట్టుకుని పైకి పొడుస్తారు. అదే బట్టను రెండు ఎదురెదురు మూలలు పైకి, మిగతా రెండు కిందికి గట్టిగా లాగి కట్టండి. గుర్రం జీను ఆకారం వస్తుంది. ఒక వైపు పోగులు పైకి, రెండో వైపు పోగులు కిందికి లాగుతాయి కాబట్టి బట్ట బిగుసుకుపోతుంది. టెన్సైల్ స్ట్రక్చర్ అంటే ఇదే.

జర్మన్ ఆర్కిటెక్ట్ ఫ్రై ఒట్టో సబ్బు నీటి పొరలతో ఇలాంటి ఆకారాలు వెతికాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ పైకప్పుల వెనుక ఆయన కృషి ఉంది. జెడ్డాలోని హజ్ టెర్మినల్ చూడండి. టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ బట్టతో 210 గుడారాలు! దాని ఇంజినీర్ ఫజ్లుర్ ఖాన్ ఢాకాలో పుట్టినవాడు, చదివింది మన సివిలే.

ఇప్పుడు ఇదే లెక్క దుకాణాల్లోకీ వచ్చింది. పిల్లల బట్టల షాపులో సీలింగ్‌కు మబ్బులు, సంక్రాంతికి పెద్ద గాలిపటం, నడిచి వెళ్లడానికి సొరంగం.. అన్నీ సాగే పాలిస్టర్ బట్ట, అల్యూమినియం పైపులతోనే. ఫ్రేమ్ అలాగే ఉంచి, ప్రింట్ చేసిన బట్ట మార్చేస్తే దసరా కాస్తా సంక్రాంతి అయిపోతుంది. ఓనర్‌కు నచ్చేది అదే.

చూడ్డానికి ఆటలా ఉంటుంది గానీ పని ఆట కాదు. బట్ట ఎంత సాగుతుందో లెక్కగట్టి ఆ మేరకు చిన్నగా కత్తిరించాలి. లెక్క తప్పితే ముడతలు వస్తాయి, లేదంటే కుట్టు తెగుతుంది. లాగుడంతా చివరికి ఏ కొక్కెం మీద పడుతుందో చూడాలి. జిప్సం సీలింగ్‌కు తగిలిస్తే ఊడి వస్తుంది, స్లాబ్‌కే బిగించాలి. మంట త్వరగా అంటుకోని బట్టే వాడాలి, స్ప్రింక్లర్లకు అడ్డం రాకూడదు. ఇదంతా ఇంజినీర్ పనే కదా?

మరి కొలువులు? నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకండి, రాదు. ఎగ్జిబిషన్ స్టాళ్లు, షోరూమ్ ఇంటీరియర్లు చేసే సంస్థలను మీరే వెతుక్కుని వెళ్లాలి. మాల్ మూసేశాక రాత్రిళ్లు బిగింపు పని ఉంటుంది, అది ముందే తెలుసుకుని దిగండి. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే రైనోలో గ్రాస్‌హాపర్, అందులో కంగారూ నేర్చుకోండి. రైనో 90 రోజుల ట్రయల్ ఉచితం. డిజైన్‌లో పీజీ చేయాలనుకుంటే బీటెక్ వాళ్లూ సీడ్ రాయొచ్చు. ఎండిజైన్ ఉన్న ఐఐటీ హైదరాబాద్ మనకు దగ్గర్లోనే, కందిలో ఉంది.

పోర్ట్‌ఫోలియోకు డబ్బు అక్కర్లేదు. పాత లెగ్గింగ్ ఒకటి, నాలుగు పుల్లలు, ఓ అట్టముక్క తీసుకోండి. జీను ఆకారం కట్టి, బట్ట మీద స్కెచ్ పెన్‌తో గళ్లు గీయండి. ఎక్కడ గళ్లు ఎక్కువ సాగాయో ఫొటో తీసి, పక్కన కారణం రాయండి. ఇంటర్వ్యూలో ముందు ఆ ఫొటోనే చూపించండి.