గోడకున్న గిటార్‌ని దించిన వంటావిడ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకి సంగతి. అమెరికా రాజధాని వాషింగ్టన్ శివార్లలో ఒక ఇల్లు. ఇంటిల్లిపాదీ సంగీతం వాళ్లే. తండ్రి చార్లెస్ సీగర్ సంగీత పరిశోధకుడు, తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్ స్వరకర్త. పిల్లలు గిటార్లు, బాంజోల మధ్యే పెరిగారు. ఒకరోజు వాళ్లమ్మాయి పెగ్గీకి ఇంట్లో ఎవరో గిటార్ వాయిస్తున్న చప్పుడు వినపడింది. వెళ్లి చూస్తే, గోడకి తగిలించిన తన గిటార్‌ని దించి వాయిస్తున్నది ఇంట్లో వంటా, ఇస్త్రీ చూసుకునే ఎలిజబెత్ కాటన్! అప్పటికే ఆవిడకి యాభై దాటాయి.

వాయించడం కూడా ఎలాగనుకున్నారు? గిటార్‌ని తలకిందులుగా పట్టుకుని!

ఆమెది ఎడమచేతి వాటం. పుట్టింది 1893లో, నార్త్ కరోలినాలో. చిన్నప్పుడు అన్న లేనప్పుడు అతని బాంజో తీసి వాయించుకునేది. ఆ తర్వాత ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో, 3 డాలర్ల 75 సెంట్లు పెట్టి సొంత గిటార్ కొనుక్కుంది. అది కుడిచేతి వాటం వాళ్లకి తీగలు కట్టిన గిటార్.  సరే, తిప్పి పట్టుకుంది. అలాగే నేర్చేసుకుంది.

దీంట్లో విశేషం అర్థం కావాలంటే మన వీణ సంగతి గుర్తు చేసుకోవాలి. చూపుడువేలు, మధ్యవేలు రాగాన్ని మీటుతుంటే, చిటికెనవేలు పక్కనున్న తాళం తీగల్ని మీటుతూ ఉంటుంది కదా. ఒకే చేయి, రెండు పనులు. ఫింగర్ పికింగ్ అనే గిటార్ పద్ధతీ దాదాపు ఇంతే. బొటనవేలు లావు తీగల మీద ‘ధమ్... ధమ్’మని నడక సాగిస్తుంది, మిగతా వేళ్లు సన్నతీగల మీద పాట పలికిస్తాయి. కళ్లు మూసుకుని వింటే ఇద్దరు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది. కాటన్ గిటార్ తలకిందులు కాబట్టి ఈ పనులూ తారుమారయ్యాయి. వేళ్లు నడక చూసుకుంటే, బొటనవేలు పాట పలికిస్తుంది. అందుకే ఆ పలుకుబడి ఇంకెవరికీ సరిగ్గా రాదు. ఆ పద్ధతికి ‘కాటన్ పికింగ్’ అని ఆమె పేరే పెట్టారు.

‘ఫ్రైట్ ట్రెయిన్’ అనే పాట కట్టేనాటికి ఆమెకి పదకొండో పన్నెండో ఏళ్లు. ఇంటి దగ్గర్లోనే రైలు పట్టాలు, రోజూ గూడ్సు బండ్లు. తర్వాత పెళ్లయింది, కూతురు పుట్టింది. దేవుడి పాటలు తప్ప లోకం పాటలు తగవన్నారు చర్చివాళ్లు. గిటార్ మూలకి చేరింది. అలా దశాబ్దాలు గడిచాయి. వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా తప్పిపోయిన పిల్ల ఒకటి కనపడితే తల్లికి అప్పగించింది. ఆ పిల్లే పెగ్గీ. అలా దొరికిన కొలువే సీగర్ల ఇంట్లో పని. ఆ రోజు ఆ పిల్ల తప్పిపోకపోయి ఉంటే? తలచుకుంటేనే గుండె గుభేలుమంటుంది.

కథ ఇక్కడితో సుఖాంతం అనుకోకండి. పెగ్గీ ఆ పాటని ఇంగ్లండ్ తీసుకెళ్లింది. అక్కడ ఎవరో అది తమదేనని తమ పేర్లు రాయించేసుకున్నారు. 1957లో అది బ్రిటన్‌లో పెద్ద హిట్. కట్టినావిడేమో వాషింగ్టన్‌లో ఇంటిపని చేసుకుంటోంది! సీగర్ కుటుంబం గట్టిగా నిలబడ్డాకే పాట మీద కాటన్ పేరు ఎక్కింది.

ఇలా మరుగున పడిపోయిన వేళ్లు ఇంకెన్నో. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో రికార్డులిచ్చాడు. అవి పెద్దగా అమ్ముడుపోలేదు, ఆపైన ఆర్థిక మాంద్యం. ఆయన ఊరికెళ్లి పొలం పనుల్లో పడిపోయాడు. ‘అవలాన్ బ్లూస్’ పాటలో సొంతూరి పేరు చెప్పుకున్నాడు, అదే ఆచూకీ అయింది. 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు ఆ ఊరు వెతుక్కుంటూ వెళితే, ఎఫ్‌బీఐ వాళ్లొచ్చారేమోనని హర్ట్ కంగారుపడ్డాడట! అదే ఏడు న్యూపోర్ట్ ఉత్సవంలో వేలమంది ముందు వాయించాడు. మూడేళ్లకే, 1966లో కన్నుమూశాడు. గొంతు పెంచడు, వేగం చూపించడు. తాతగారు అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది. మొత్తం ఈ తరంలో ఒక్కరినే ఎంచుకోమంటే నా ఓటు ఈయనకే.

1928లోనే ఫ్రాన్స్‌లో జాంగో రైన్‌హార్ట్ చేయి కాలి, ఎడమచేతి రెండు వేళ్లు చాలావరకు పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్లతోనే జాజ్‌ని ఉరుకులు పెట్టించాడు. ఆయనది వేరే దారి, ఇంకోసారి తీరిగ్గా చెప్పుకోవాలి.

ఇళయరాజా పాటల్లో గిటార్ మోగగానే చెవులు రిక్కించే అలవాటున్నవాళ్లు వీళ్లని తప్పక వినాలి. ఒక చిన్న చిట్కా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిసారి లావు తీగల్ని మాత్రమే వినండి, పాటని పట్టించుకోకండి. రెండోసారి సన్నతీగలు. మూడోసారి రెండూ కలిపి. అప్పుడు తెలుస్తుంది ఆ చేతి పనితనం.

కాటన్ అరవైల్లో పడ్డాక పెగ్గీ అన్న మైక్ సీగర్ టేప్‌రికార్డర్ పట్టుకుని ఆమె ఇంటికే వెళ్లి పాటలు రికార్డు చేశాడు. అది 1958లో ఆల్బంగా వచ్చింది. తర్వాత ఊరూరా కచేరీలు. పాటల డబ్బుతో సిరక్యూస్‌లో సొంతిల్లు కొనుక్కుంది. 1985లో గ్రామీ అందుకునేటప్పటికి తొంభై దాటాయి. 1987లో కన్నుమూసింది. అప్పటికీ గిటార్‌ని తలకిందులుగానే పట్టుకునేది.